చిన్న కంపెనీ వి-ట్విన్ బండి కొనే ముందు: మొదట మెకానిక్‌ని వెతుక్కోండి

ఈ మూడు నెలల్లో ముగ్గురు అడిగారు నన్ను ఇదే మాట. అన్నా, ఒక బిగ్ డాగ్ కంపెనీ మోటార్ సైకిల్ చూశా, 2006 మోడల్, 7 వేల మైళ్లే తిరిగింది, 11 వేల డాలర్లు చెప్తున్నాడు, తీసేసుకోనా అని. ఫోటోలు కూడా పంపిస్తారు, ముందు చక్రం అల్లంత దూరంలో ఉంటుంది, వెనక టైరు కారు టైరంత వెడల్పు, ట్యాంక్ మీద మంటల పెయింటింగ్, క్రోమ్ అద్దంలా మెరుస్తూ ఉంటుంది. చూస్తే ఎవరికైనా మనసు ఆగదు. నాకూ ఆగలేదు కాబట్టే ఏడేళ్ల కింద డల్లాస్ దగ్గర అలాంటి చిన్న కంపెనీ వి-ట్విన్ బండి (V ఆకారంలో రెండు సిలిండర్లున్న ఇంజన్ బండి) ఒకటి కొన్నా, ఇప్పటికీ గరాజ్‌లోనే ఉంది, ఆదివారం పొద్దున్నే దాన్ని బయటికి తీస్తే వచ్చే సంతోషమే వేరు.

అందుకే వద్దు అని మాత్రం చెప్పను. కాకపోతే మనం కొనే వరస తప్పు. ముందు పెయింట్ చూసి మనసు పారేసుకుంటాం, తర్వాత బేరం ఆడతాం, ఇంటికి తెచ్చాక కాగితాలు చూస్తాం, బండి ఆగిపోయాక మెకానిక్ కోసం వెతుకుతాం. దీన్ని పూర్తిగా తిరగేయాలి. ముందు మెకానిక్, తర్వాత ఇంజన్ ఎవరిదో తెలుసుకోవడం, ఆ తర్వాత కాగితాలు, అందం ఆఖర్న.

అసలు ఈ బండ్లు ఎలా పుట్టాయో తెలిస్తే సగం విషయం అర్థమైపోతుంది. 1990ల్లో హార్లీ కావాలంటే డబ్బులు పట్టుకుని నెలల తరబడి ఎదురుచూడాల్సిన రోజులు. ఆ సందులో చిన్న కంపెనీలు లేచాయి, కాన్సస్ విచిటాలో 1994లో బిగ్ డాగ్ (మన కోల్‌మన్ లాంతర్లు, క్యాంపింగ్ స్టవ్‌లు ఉన్నాయి కదా, ఆ కుటుంబం వాడే పెట్టాడు), ఇక్కడ మన పక్కనే ఫోర్ట్ వర్త్‌లో 1995లో అమెరికన్ ఐరన్‌హార్స్, ఫీనిక్స్‌లో టైటాన్, కాలిఫోర్నియా కొండల్లో బిగ్ బేర్ చాపర్స్, ఇంకా బోలెడు. 2000 దాటాక టీవీలో చాపర్ల (ముందు చక్రం దూరంగా చాచి ఉండే ఇలాంటి బండ్ల) షోలు వచ్చి పిచ్చి ఇంకా పెరిగింది, అటు ఇళ్ల రేట్లు కూడా పెరుగుతున్నాయి కాబట్టి ఇంటి మీద లోన్ తీసుకుని మరీ 30 వేల డాలర్ల బండ్లు కొన్నారు జనం. 2008లో ఇళ్ల మార్కెట్ కూలడంతో ఆ డబ్బు ఆగిపోయింది. అమెరికన్ ఐరన్‌హార్స్ ఆ ఏడాదే దివాలా తీసింది, బిగ్ డాగ్ 2011లో ఫ్యాక్టరీ మూసింది, ఆ పేరు మీద విచిటాలో పార్టుల వ్యాపారం మాత్రం తర్వాత కూడా నడిచింది. అంటే ఇప్పుడు మీరు చూస్తున్న బండికి వెనకాల కంపెనీ లేదు, వారంటీ లేదు, షోరూం లేదు. 30 వేల బండి 11 వేలకి రావడానికి కారణం అదే, దాంట్లో మోసం ఏమీ లేదు.

మరి కంపెనీ లేని బండి ఎలా కొంటాం అంటే, ఇక్కడే అసలు కిటుకు ఉంది. ఈ చిన్న కంపెనీల్లో చాలామంది ఇంజన్ తయారు చేయలేదు, కొనుక్కున్నారు. విస్కాన్సిన్‌లో వయోలా అనే చిన్న ఊళ్లో ఎస్ అండ్ ఎస్ అని కంపెనీ ఉంది, 1958 నుంచి ఉంది, హార్లీ తరహా ఇంజన్లు, కార్బురేటర్లు చేయడమే వాళ్ల పని, బిగ్ డాగ్‌లో, అమెరికన్ ఐరన్‌హార్స్‌లో ఎక్కువగా ఉన్నది వాళ్ల ఇంజన్లే. టైలర్ షాప్ మూతపడింది కానీ బట్ట నేసిన మిల్లు నడుస్తూనే ఉంది అనుకోండి. పిస్టన్, గ్యాస్కెట్, లిఫ్టర్, ఆయిల్ పంప్, కార్బురేటర్ జెట్, ఏది కావాలన్నా ఇవాళ ఆర్డర్ పెడితే ఇంటికొస్తుంది. పైగా ఈ ఇంజన్లు చాలావరకు హార్లీ ఎవో (ఎవల్యూషన్) ఇంజన్ డిజైన్ లెక్కలోనే ఉంటాయి, 1984 నుంచి 1999 దాకా హార్లీ పెద్ద బండ్లలో వాడింది అదే, కాబట్టి పాత మెకానిక్‌లకి కళ్లు మూసుకుని చేసే పని.

దీనికి రివర్స్ ఉదాహరణలు కూడా ఉన్నాయి. మిన్నెసోటాలో ఎక్సెల్సియర్-హెండర్సన్ అని పెద్ద ఫ్యాక్టరీ కట్టి, సొంతంగా ఇంజన్ డిజైన్ చేసి, 1999లో బండ్లు బయటికి వదిలారు, అదే ఏడాది చివర్లో దివాలా. రెండు వేలలోపు బండ్లే వచ్చాయి. బండి మంచిదే, చూడముచ్చటగా ఉంటుంది, కానీ ఆ ఇంజన్ లోపలి పార్టు ఒకటి పోతే ఇంకో బండిని విప్పాల్సిందే. ఇంకా బాగా తెలియాలంటే కాలిఫోర్నియా గిల్‌రాయ్‌లో ఇండియన్ అనే కంపెనీ చేసిన చీఫ్ మోడల్ చూడండి. 1999 నుంచి 2001 దాకా దాంట్లో ఎస్ అండ్ ఎస్ ఇంజన్, 2002లో సొంత ఇంజన్ పెట్టారు, సిలిండర్ పైన గుండ్రంగా సోడా మూతలా ఉంటుంది కాబట్టి దాన్ని బాటిల్ క్యాప్ అంటారు, 2003లో కంపెనీ మూత. ఒకే పేరు, ఒకే ఊరు, చూడ్డానికి కొత్తదే బాగుంటుంది, కానీ నన్నడిగితే పార్టుల కోసం పాతదే మేలు. విక్టరీ అనే బ్రాండ్ సంగతి వేరు, 2017లో ఆపేసినా వెనక పొలారిస్ లాంటి పెద్ద సంస్థ ఉంది కాబట్టి పదేళ్లు పార్టులు ఇస్తామని మాట ఇచ్చారు, చిన్న బిల్డర్లకి ఆ అండ లేదు.

కాబట్టి అమ్మేవాడికి ఫోన్ చేసినప్పుడు మొదటి ప్రశ్న ధర కాదు, ఇంజన్ ఎవరిది, ఎన్ని క్యూబిక్ ఇంచులు అని. 107, 111, 113, 117, 124 ఇలా చెప్తాడు. 117 అంటే 1917 సీసీ, మన బుల్లెట్ 350కి ఐదున్నర రెట్లు, 124 అయితే రెండు వేల సీసీ దాటుతుంది. పెద్ద నంబర్ విని మురిసిపోవద్దు. పిస్టన్లు అంత పెద్దవి, కంప్రెషన్ (సిలిండర్‌లో గాలిని నొక్కే ఒత్తిడి) అంత ఎక్కువ అయినప్పుడు దాన్ని తిప్పడానికి స్టార్టర్ మోటార్, బ్యాటరీ నలిగిపోతాయి, అందుకే హెడ్ మీద కంప్రెషన్ రిలీజ్ అని చిన్న బటన్లు పెడతారు, స్టార్ట్ చేసే ముందు అవి నొక్కితే కొంచెం గాలి బయటికి పోయి ఇంజన్ తేలిగ్గా తిరుగుతుంది. కొన్నిటికి అదే కరెంట్‌తో ఆటోమేటిక్‌గా అవుతుంది. అది పనిచేయకపోతే స్టార్టర్ గేర్ పళ్లు అరిగిపోతాయి, స్టార్ట్ చేసినప్పుడు కర్ర్ మని పళ్లు రాసుకున్న శబ్దం వచ్చిందంటే ప్రైమరీ (ఇంజన్ నుంచి గేర్‌బాక్స్‌కి శక్తి అందించే భాగం) విప్పే ఖర్చు మీ మీద పడ్డట్టే.

ఇంజన్ దొరుకుతుంది సరే, దొరకనివి ఏంటి అనేది నాకు దెబ్బ తగిలాకే తెలిసింది. కొన్న రెండో ఏడు, ఐ-35 మీద డెంటన్ దాటాక పెట్రోల్ కొట్టించి మళ్లీ బటన్ నొక్కితే చప్పుడు లేదు. లైట్ లేదు, హారన్ లేదు, మీటర్ కూడా చచ్చిపోయింది. బ్యాటరీ అనుకున్నా, కాదు. ఫ్యూజ్ అనుకున్నా, ఈ బండికి మామూలు ఫ్యూజ్ బాక్స్ లేదు, వైర్లన్నీ పోయి సీటు కింద అరచేయంత నల్ల డబ్బాలో కలుస్తాయి, లోపల సర్క్యూట్ బోర్డు, చుట్టూ గట్టిపడిన జిగురు పోసి మూసేశారు. ఆ డబ్బా ఆ కంపెనీ వాళ్లే చేయించుకున్నారు, ఇంకెవరి దగ్గరా దొరకదు, కంపెనీ లేదు. ట్రైలర్ మీద ఇంటికి తెచ్చా, నాలుగు నెలలు కవర్ కప్పుకుని కూర్చుంది. వాడిన డబ్బా ఒకటి 600 డాలర్లకి తెప్పిస్తే అది మూడు వారాలు పనిచేసింది. ఆఖరికి ఒక పెద్దాయన, సొంత షెడ్డులో పనిచేసుకునే మెకానిక్, ఆ డబ్బాని పీకి అవతల పడేసి, పాతకాలం పద్ధతిలో రిలేలు, బ్రేకర్లు పెట్టి మొత్తం వైరింగ్ కొత్తగా లాగాడు. 1,400 డాలర్లు అయింది, ఆ రోజు నుంచి ఈ రోజు దాకా కరెంట్ సమస్య రాలేదు. ఆయన ప్రతి వైరుకి ఒక చిన్న తెల్ల స్లీవ్ తొడిగి దాని మీద పెన్నుతో నంబర్ రాసి, ఆ నంబర్లన్నీ ఒక నోట్‌బుక్ కాగితం మీద రాసి ఇచ్చాడు, ఆ కాగితం ఇప్పటికీ లామినేట్ చేయించి సీటు కింద పెట్టుకున్నా.

అందుకే మీరు చూసే బండికి కరెంట్ కంట్రోల్ డబ్బా ఉందా, వైరింగ్ మామూలు పద్ధతిలో మార్చారా అని కచ్చితంగా అడగండి. మార్చేసి ఉంటే, మంచిగా మార్చి ఉంటే, నా లెక్కలో ఆ బండి విలువ వెయ్యి డాలర్లు పెరిగినట్టే. ఒరిజినల్‌గా ఉంటేనే విలువ అనుకునే వాళ్లు ఉంటారు, రోడ్డు మీద తిరిగే వాళ్లకి ఆ లెక్క పనికిరాదు. ఇలాగే దొరకనివి ఇంకా ట్యాంక్, వెనక మడ్‌గార్డ్, మీటర్, ఆ కంపెనీ డిజైన్ చక్రాలు. ట్యాంక్ లోపల తుప్పు ఉందేమో సెల్‌ఫోన్ లైట్ వేసి చూడండి, ట్యాంక్ కింద అతుకుల దగ్గర పెయింట్ ఉబ్బిందేమో వేలితో తడిమి చూడండి.

ఇక మెకానిక్. చాలా హార్లీ షోరూంలు వేరే కంపెనీ బండి అనగానే తీసుకోరు, తీసుకున్నా పాత ఎవో తరహా ఇంజన్ మీద చేయి తిరిగినవాళ్లు అక్కడ తక్కువ. సొంత షాప్ పెట్టుకున్న పాత మెకానిక్‌లని పట్టుకోవాలి. బండి చూడకముందే వెళ్లండి. ఫలానా కంపెనీ, ఫలానా ఇంజన్, మీరు పనిచేస్తారా, గంటకి ఎంత, కొనే ముందు చెక్ చేస్తారా అని సూటిగా అడగండి. ఆయన ఆ కంపెనీ పేరు వినగానే దాని రోగాలు గడగడా చెప్తే మీకు మనిషి దొరికినట్టు. మీ ఊరికి గంట దూరంలో అలాంటివాడు ఒక్కడు కూడా దొరకకపోతే, మీకు సొంతంగా స్పానర్ పట్టే అలవాటు లేకపోతే, ఈ బండి ఆలోచన అక్కడితో మానేయండి. మనసు కష్టపడుతుంది, నిజమే, కానీ గరాజ్‌లో కదలకుండా పడున్న బండిని రోజూ చూడటం ఇంకా కష్టం.

బండి చూడ్డానికి వెళ్లేటప్పుడు అమ్మేవాడికి ముందే చెప్పండి, నేను వచ్చేదాకా స్టార్ట్ చేయొద్దు అని. మా పెద్దాయన్ని నా ఫ్రెండ్ కోసం ఒకసారి తీసుకెళ్లా. ఆయన బండి చుట్టూ తిరగలేదు, పెయింట్ వైపు చూడలేదు, నేరుగా వెళ్లి వెనక సిలిండర్ రెక్కల మీద అరచెయ్యి పెట్టాడు. రెండు సెకన్లు. వేడిగా ఉంది, ఇంకో రోజు వస్తాం అని వెనక్కి తిరిగాడు. చల్లగా ఉన్న ఇంజన్ ఎలా స్టార్ట్ అవుతుందో చూడకపోతే బ్యాటరీ, స్టార్టర్, కార్బురేటర్ ఈ మూడింటి సంగతీ మీకు తెలియదు. రెండో రోజు వెళ్తే ఆ బండి పది సార్లు నొక్కినా అందుకోలేదు, పాపం అమ్మేవాడు రోజూ ముందే వేడి చేసి పెడుతున్నాడన్నమాట.

స్టార్ట్ అయ్యాక పైపులోంచి మొదట్లో కొంచెం నీలం పొగ వచ్చిందని వెంటనే భయపడొద్దు. ఈ ఇంజన్లలో ఆయిల్ వేరే ట్యాంకులో ఉంటుంది, నెలల తరబడి నిలబెడితే అది మెల్లగా పంప్ దాటి కింద క్రాంక్‌కేస్‌లోకి దిగిపోతుంది, స్టార్ట్ చేయగానే బ్రీదర్ (ఇంజన్ లోపలి గాలి బయటికి పోయే దారి) నుంచి కక్కుతుంది, ఎయిర్ ఫిల్టర్ దగ్గర ఆయిల్ కనిపిస్తుంది. పది నిమిషాల్లో తగ్గిపోవాలి. తగ్గకపోతే పిస్టన్ రింగులో, వాల్వ్ గైడ్లో అరిగిపోయాయన్నమాట. సిలిండర్ పైన ఉండే రాకర్ బాక్స్ దగ్గర, సిలిండర్ అడుగున గ్యాస్కెట్ దగ్గర చెమ్మ చూడండి, గుడ్డతో తుడిచి పావుగంట తిప్పాక మళ్లీ చూడండి, చెమ్మ పర్లేదు, బొట్టు కారితే ధర తగ్గించాలి. చేతిలో చిన్న మీటర్ పట్టుకెళ్లండి, బ్యాటరీ దగ్గర ఇంజన్ ఆపి ఉంటే 12.6 వోల్టులు, రేస్ ఇస్తే 14 చుట్టుపక్కల చూపించాలి. మీ మెకానిక్ ఒప్పుకుంటే లీక్-డౌన్ టెస్ట్ (సిలిండర్‌లోకి గాలి కొట్టి ఎంత కారుతోందో చూడటం) చేయించండి, కంప్రెషన్ రిలీజ్ ఉన్న ఇంజన్‌లో మామూలు కంప్రెషన్ టెస్ట్ కన్నా అదే నిజం చెప్తుంది, రిలీజ్ వాల్వ్ కారుతున్నా బయటపడుతుంది. కుదిరితే ఆయిల్ కొంచెం కిందికి తీసి చూడాలి, వెండి పొడిలా మెరిసే సన్న మడ్డి కొద్దిగా అయితే సరే, గోరుకి తగిలే రేకులు ఉంటే దండం పెట్టి వచ్చేయండి.

టైర్ల విషయంలో చాలామంది మోసపోతారు, అరుగుదల చూసి కొత్తగా ఉంది అనుకుంటారు. టైరు పక్కన డాట్ అని మొదలయ్యే అక్షరాల చివర నాలుగు అంకెలు ఉంటాయి, 2308 అంటే 2008లో 23వ వారం. 7 వేల మైళ్లే తిరిగిన బండికి ఫ్యాక్టరీ టైరే ఉండే అవకాశం ఎక్కువ, రబ్బరు రాయిలా అయిపోయి ఉంటుంది, అది వేసుకుని హైవే ఎక్కకూడదు. 250, 280, 300 వెడల్పు టైర్లు మామూలు టైర్ల రేటుకి రావు, రెండు టైర్లు బిగింపుతో కలిపి 700, 800 డాలర్లు పక్కన పెట్టుకోండి.

తక్కువ మైళ్లు మంచివే అనుకుంటాం కానీ ఈ బండ్లలో అది రెండు వైపులా ఉంటుంది. నిలబడిపోయిన బండికి సీళ్లు ఎండిపోతాయి, కార్బురేటర్‌లో పాత పెట్రోల్ జిగురవుతుంది. ఏటా రెండు వేల మైళ్లు తిప్పి, ఆయిల్ మార్చిన బిల్లులు దాచుకున్నవాడి 25 వేల మైళ్ల బండే నేను తీసుకుంటా. ఇంకో సంగతి, కాలిఫోర్నియాలో ఉన్నవాళ్లు జాగ్రత్త. వేరే రాష్ట్రం నుంచి తెచ్చిన బండి కాలిఫోర్నియా సర్టిఫికేషన్ లేకుండా 7,500 మైళ్లలోపు తిరిగి ఉంటే అక్కడ దాన్ని కొత్త బండి కింద లెక్కేస్తారు, రిజిస్టర్ చేయరు. మీకు మురిపెంగా కనిపించిన ఆ 7 వేల మైళ్లే అక్కడ అడ్డం పడతాయి.

కాగితాలు. టైటిల్ (బండి ఎవరిదో చెప్పే కాగితం) మీద ఉన్న 17 అక్షరాలు, అంకెల విన్ నంబర్ (బండి గుర్తింపు నంబర్), ఫ్రేమ్ మెడ దగ్గర కొట్టిన నంబర్ ఒకటేనా అని అక్షరం అక్షరం చూడాలి. ఇంజన్ మీద ఇంకో సీరియల్ నంబర్ ఉంటుంది, పాత బిల్లుల్లో రాసినదానితో సరిపోవాలి, ఈ ఇంజన్లు దొంగలకి బాగా ఇష్టం. ఎన్‌ఐసీబీ (ఇన్సూరెన్స్ మోసాలు, బండ్ల దొంగతనాల మీద పనిచేసే సంస్థ) వాళ్ల విన్‌చెక్ వెబ్‌సైట్‌లో నంబర్ కొడితే దొంగ బండా, సాల్వేజా (బాగా దెబ్బతిని ఇన్సూరెన్స్ వాళ్లు లెక్కలోంచి తీసేసిన బండా) అని ఉచితంగా తెలుస్తుంది. టైటిల్ మీద తయారీదారు పేరు ఉందా, లేక అసెంబుల్డ్ అని ఉందా చూడండి. లైసెన్స్ ఉన్న చిన్న కంపెనీ కట్టిన బండికి, ఎవరో గరాజ్‌లో కిట్ కొని బిగించిన బండికి తేడా అక్కడే తెలుస్తుంది, రెండోదానికి లోన్, ఇన్సూరెన్స్ రెండూ కష్టమే. ఇన్సూరెన్స్ వాళ్లకి విన్ నంబర్ ఇచ్చి కోట్ తెచ్చుకున్నాకే అడ్వాన్స్ ఇవ్వండి, అది కూడా అగ్రీడ్ వాల్యూ పాలసీ అడగండి, అంటే బండి పోతే ఎంత ఇస్తారో ముందే రాసుకోవడం. మామూలు పాలసీలో అయితే పాతబండి అని చెప్పి వాళ్లకి తోచింది చేతిలో పెడతారు.

టెక్సాస్‌లో అయితే అమ్మేవాడితో కలిసి కౌంటీ ట్యాక్స్ ఆఫీస్‌కి వెళ్లి టైటిల్ మార్పుకి పెట్టే 130-యు ఫారం మీద ఇద్దరూ సంతకం పెట్టి అక్కడే టైటిల్ మార్పించుకోవడం మంచిది. 30 రోజుల గడువు. 6.25 శాతం ట్యాక్స్, మీరు కట్టిన ధర మీద గానీ, వాళ్ల లెక్కలో బండి విలువలో 80 శాతం మీద గానీ, ఏది ఎక్కువైతే దాని మీద. బిల్లు మీద తక్కువ రాయించుకుందాం అనే ఆలోచన పెట్టుకోవద్దు. ఇండియాకి తీసుకెళ్లిపోదాం అనుకునేవాళ్లు కూడా ఉన్నారు, మూడేళ్లు దాటిన వాడిన బండిని అక్కడ దిగుమతి చేసుకోనివ్వరు, ఆ ఆశ వదిలేయండి.

నడపడం గురించి కూడా చెప్పాలి. ఖాళీ పార్కింగ్‌లో గుండ్రంగా తిప్పి చూడండి, రెండు వైపులా. ముందు ఫోర్క్ బాగా వాలి ఉంటుంది కాబట్టి నెమ్మదిగా తిప్పేటప్పుడు హ్యాండిల్ దానంతట అదే పక్కకి పడిపోతున్నట్టు ఉంటుంది, 300 కేజీల చుట్టుపక్కల బరువు, ఆ క్షణం కాలు జారితే ఆపలేం. వేగంలో మాత్రం వెడల్పు టైరు బండిని నిటారుగా లేపుతుంటుంది, మలుపులో హ్యాండిల్‌ని ఒత్తి పట్టుకోవాలి, అలవాటు కావడానికి నాకు రెండు నెలలు పట్టింది. ఇది మొదటి బండిగా వద్దు. జులైలో డల్లాస్ సిగ్నల్ దగ్గర ఆగితే వెనక సిలిండర్ వేడి కుడి తొడకి కాల్చినట్టు తగులుతుంది. వెనక సీటు ఉంటే ఇంట్లోవాళ్లని కూర్చోబెట్టి పది మైళ్లు తిప్పండి, చాలా మోడళ్లలో అది పేరుకే సీటు, వాళ్లు దిగి ఏమంటారో విన్నాకే డబ్బు తీయండి.

ధర లెక్క ఇలా వేసుకోండి. అడిగిన ధరకి టైర్లు, బ్యాటరీ, అన్ని ఆయిల్స్, కార్బురేటర్ శుభ్రం, వైరింగ్ మార్చాల్సి వస్తే అది, ట్యాక్స్, ఇవన్నీ కలపండి. 11 వేల బండి 14 వేల దగ్గర తేలుతుంది. ఆ 14 వేలు చేతిలో ఉంటేనే 11 వేల బండి మీది. మళ్లీ అమ్మేటప్పుడు కొనేవాళ్లు తక్కువ, నెలలు పడుతుంది, కాబట్టి ఏడాదిలో అమ్మేద్దాం అనుకుని కొనకండి.

అన్నీ కుదిరి ఇంటికి తెచ్చుకున్నారనుకోండి, మొదటి శనివారం ఎక్కడికీ వెళ్లొద్దు. సీటు తీసి, ట్యాంక్ పక్కకి జరిపి, ప్రతి వైరు, ప్రతి కనెక్టర్, ప్రతి పైపు ఫోటో తీసి పెట్టుకోండి. ఇంజన్ ఆయిల్, ప్రైమరీ ఆయిల్, గేర్‌బాక్స్ ఆయిల్ మూడూ మార్చండి, కొన్నిటికి బెల్ట్ ప్రైమరీ ఉంటుంది, దానికి ఆయిల్ పోయకూడదు, అడిగి చేయండి. ఈ ఇంజన్ వణుకుకి బోల్టులు వదులవుతాయి కాబట్టి ఇంజన్ మౌంట్లు, ఎగ్జాస్ట్ క్లాంపులు, వెనక పుల్లీ బోల్టులు బిగించి, ఒక్కోదాని మీద పెయింట్ పెన్నుతో సన్నగా గీత పెట్టండి, తర్వాత ఆ గీత రెండు ముక్కలైతే బోల్టు తిరిగిందని చూడగానే తెలుస్తుంది. బ్యాటరీకి చిన్న ఛార్జర్ ఎప్పుడూ తగిలించి ఉంచండి. మొదటి వెయ్యి మైళ్లు ఇంటికి 50 మైళ్లలోపే తిరగండి, ట్రైలర్ ఉన్న ఫ్రెండ్ నంబర్ ఫోన్‌లో పెట్టుకుని.